జిరాక్స్ షాపు వెనక గదిలో హ్యాకింగ్ చదువు

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా జిరాక్స్ షాపు వెనక ఒక చిన్న గది ఉంది. పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు ఆరు. ఒకప్పుడు అందులో కాగితం కట్టలు, పాడైన ప్రింటర్లు, నాన్న పారెయ్యనివ్వని పాత మానిటర్లు ఉండేవి. ఇప్పుడు ఒక బల్ల, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, పాత రూటరు, గోడ నిండా టేపుతో అంటించిన కాగితాలు ఉన్నాయి. నేను ఎథికల్ హ్యాకింగ్, అంటే యజమాని అనుమతితో కంప్యూటర్లలో లొసుగులు వెతికే పని, నేర్చుకున్నది ఆ గదిలోనే. "ఏ ఊళ్ళో కోర్సు చేశావు?" అని చాలామంది అడుగుతారు. ఏ ఊరూ వెళ్ళలేదంటే నమ్మరు. పాతపట్నంలోనో కాశీనగర్‌లోనో గుణుపురంలోనో నాలాగే ఒక్కరే కూర్చుని తంటాలు పడుతున్న పిల్లలు ఉంటే వాళ్ళకి పనికొస్తుందని, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

2022 వానాకాలంలో ఒకరోజు, మాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీయించుకోవడానికి వచ్చారు. రిటైరై చాలా ఏళ్ళయింది. మూడు రోజుల కిందట ఆయనకి ఒక మెసేజ్ వచ్చింది. కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కనెక్షన్ తీసేస్తాం, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని. ఆయన చేశారు. అవతలివాడు మర్యాదగా హిందీలో మాట్లాడి వాట్సాప్‌లో ఒక యాప్ ఫైలు పంపాడు. దాన్ని ఫోన్లో వేసుకున్నారు. ఉత్త పది రూపాయలు కడితే చాలంటూ ఆ యాప్ కార్డు వివరాలు అడిగితే ఇచ్చారు. తెల్లారేసరికి ఖాతాలోంచి మూడు విడతల్లో 46 వేలు పోయాయి.

1930 నంబరుకి ఫోన్ చేయించాను. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నేనే ఎక్కించాను. డబ్బు పోయిన కొద్ది గంటల్లోనే ఆ నంబరుకి చెబితే, అది ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఆపే వీలుంటుంది. మేం చెప్పేసరికి మూడు రోజులు దాటింది. ఆ డబ్బు తిరిగి రాలేదు.

నేను ఫారం నింపుతుంటే మాస్టారు ఒకే ఒక్క మాట అడిగారు. "అమ్మలూ, నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. మరి వాడికెలా తెలిసింది?"

నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. రోజూ పాతిక ముప్పై మందికి ఆన్‌లైన్ ఫారాలు నింపుతాను. అయినా ఆయనకి జవాబు చెప్పలేకపోయాను. "ఏమో మాస్టారూ, తెలుసుకుని చెబుతాను" అన్నాను. ఆయన్ని అడిగి ఆ యాప్ ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. ఫోన్లోంచి దాన్ని తీసేయించి, కార్డు బ్లాక్ చేయించాను. ఆ ఫైలు తెరిచి చదవగలిగే చదువు నాకు రావడానికి ఏడాదిన్నర పట్టింది.

మొదటి రెండు నెలలు వృథాగా పోయాయి. "పది నిమిషాల్లో వైఫై హ్యాక్" లాంటి వీడియోలు చూస్తూ, వాళ్ళు టైపు చేసిందే నేనూ టైపు చేసేదాన్ని. పనిచేస్తే ఎందుకు పనిచేసిందో తెలిసేది కాదు. పనిచెయ్యకపోతే ఎక్కడ తప్పు జరిగిందో అసలే తెలిసేది కాదు. ఇలా కాదని అన్నీ మూసేసి, విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ దగ్గర నుంచి మొదలుపెట్టాను.

ఓవర్ ద వైర్ అనే వెబ్‌సైటు వాళ్ళ బ్యాండిట్ అనే ఆట ఒకటుంది. ఉచితం. దూరంగా ఉన్న వాళ్ళ కంప్యూటర్లోకి లాగిన్ అయి, ఒక్కో మెట్టులో దాచిన పాస్‌వర్డ్ వెతికి పట్టుకుంటే తర్వాతి మెట్టు తెరుచుకుంటుంది. మొదటి మెట్టు తేలిక. రెండో మెట్టులో పాస్‌వర్డ్ ఉన్న ఫైలు పేరు ఒక చిన్న అడ్డగీత. అంతే, ఇంకే అక్షరమూ లేదు. ఫైలు తెరవమని అడిగితే కంప్యూటరు ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటుంది. అడ్డగీతని అది ఫైలు పేరుగా చూడదు, 'నువ్వు కీబోర్డు మీద ఏదో టైపు చేస్తావు, దాన్ని చదువుతాను' అని ఎదురుచూస్తూ కూర్చుంటుంది. దాని దగ్గర నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఫైలు ఎక్కడుందో దారితో సహా చెబితే తెరుచుకుంది. ఆ రెండు సాయంత్రాల్లో నాకు తెలిసింది, మనం చెప్పేది ఒకటి, యంత్రం వినేది ఒకటి కావచ్చు అని. తర్వాత నేను చదివిన దాడుల్లో చాలావాటికి మూలం అదే.

ఆ తర్వాత నెట్‌వర్కింగ్. ఇక్కడ నేను బాగా ఇబ్బంది పడ్డాను. వీడియోలు ఇంగ్లీషులో, కొన్ని హిందీలో ఉన్నాయి. విన్నప్పుడు అర్థమైనట్టే ఉండేది. పుస్తకం మూశాక ఒక్క వాక్యం చెప్పలేకపోయేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, చదివింది చదివినట్టు కాకుండా మా అమ్మకి చెబుతున్నట్టు తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. రెండు కంప్యూటర్లు మాట్లాడుకునే ముందు మూడు పలకరింపులు జరుగుతాయి కదా, దాన్ని ఇలా రాశాను:

"ఏమండీ, ఇంట్లో ఉన్నారా?"
"ఉన్నాం, రండి."
"ఆఁ, వస్తున్నా."

టీసీపీ కనెక్షన్ అంటే ఇదే. కంప్యూటర్లో ఏ దారులు తెరిచి ఉన్నాయో వెతికే ఎన్‌మ్యాప్ అనే పనిముట్టు చేసే సగం స్కాన్ ఏమిటో కూడా దీంతోనే తెలిసిపోయింది. వీధిలో ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి "ఉన్నారా?" అని పిలవడం, "ఉన్నాం" అనగానే లోపలికి వెళ్ళకుండా పక్కింటికి నడవడం. ఏ ఇంట్లో మనుషులున్నారో తెలుస్తుంది. లోపలికి వెళ్ళలేదు కాబట్టి పాతకాలపు నిఘా పద్ధతుల్లో అది లెక్కకి ఎక్కేది కాదు. ఈ గుమ్మాలనే కంప్యూటర్లో పోర్టులంటారు. పోర్టుకి తెలుగు మాట వెతకలేదు, పోర్టనే రాసుకున్నాను. మాట ఏ భాషదైనా ఫరవాలేదు, వాక్యం మాత్రం నాదై ఉండాలి. అలా రాసిన రోజు నుంచి చదివింది గుర్తుండడం మొదలైంది.

మా ఊరిలో ఈ పని ఎప్పుడో చేసినవారున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి రాజావారి స్కూల్లో పంతులుగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారు. చూసి చదువుకోవడానికి ఆ భాషలో పుస్తకం లేదు. సవరా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకుని, ఒక్కో మాటా రాసుకుంటూ నేర్చుకున్నారు. తర్వాత ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడిందీ ఆయనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. నా నోట్సు మొదటి పేజీలో ఆయన పేరు రాసుకున్నాను.

ఇక ల్యాబు సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంట్లో నేర్చుకునేవాళ్ళకి బడి అదే.

విశాఖపట్నంలో 18 వేలకి పాత ల్యాప్‌టాప్ కొన్నాను. 8 జీబీ ర్యామ్ ఉండేది, తర్వాత ఇంకో 8 వేయించాను. వర్చువల్‌బాక్స్ ఉచితం. దాంతో ఒకే కంప్యూటర్లో రెండు మూడు కంప్యూటర్లు ఉన్నట్టు నడపొచ్చు. ఒకదాంట్లో కాలీ లైనక్స్, ఇంకోదాంట్లో మెటాస్ప్లాయిటబుల్ 2 పెట్టాను. కాలీ 2013లో వచ్చింది, డెబియన్ అనే ఇంకో లైనక్స్ మీద కట్టినది, భద్రతా పరీక్షలకి కావలసిన పనిముట్లన్నీ అందులోనే ఉంటాయి. మెటాస్ప్లాయిటబుల్ కావాలని లొసుగులతో తయారుచేసిన యంత్రం. నేర్చుకునేవాళ్ళు దెబ్బలు కొట్టడానికే అది ఉంది. అర జీబీ ర్యామ్ ఇస్తే చాలు.

ఇక్కడ నేను పెద్ద తప్పు చేశాను. ఆ లొసుగుల యంత్రాన్ని బ్రిడ్జ్‌డ్ మోడ్‌లో పెట్టాను. అంటే షాపు వైఫైకి అది కూడా ఒక మామూలు కంప్యూటరులా కలిసిపోయింది. ఆ వైఫై మా బిల్లింగ్ కంప్యూటరుకీ, అప్పుడప్పుడూ కస్టమర్లకీ ఇచ్చేదే. తాళం లేని ఇంటికి వీధివైపు ఇంకో గుమ్మం తెరిచినట్టు. రాత్రి పదకొండింటికి నోట్సు రాస్తూ 'బ్రిడ్జ్‌డ్' అన్న మాటకి అర్థం నా మాటల్లో రాయబోయి గుర్తించాను. చేతులు చల్లబడ్డాయి. వెంటనే దాన్ని ఆపి, హోస్ట్ ఓన్లీ నెట్‌వర్క్‌లోకి మార్చాను. అది ఇంటి పెరడు లాంటిది. నాలుగువైపులా గోడ, వీధిలోకి దారి లేదు. పెరట్లో ఏం పగలగొట్టినా మనదే. ఇంట్లో ల్యాబు పెట్టుకునే ప్రతివాళ్ళకీ నేను మొదట చెప్పేది ఇదే. మీ లొసుగుల యంత్రం పెరట్లో ఉందో వీధిలో ఉందో చూసుకున్నాకే ఆన్ చెయ్యండి.

కరెంటు ఇంకో సమస్య. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాని ముంచేసినప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. నాన్న ఆ తర్వాతే ఇన్వర్టరు కొన్నారు. కానీ దాని లైను వెనక గదికి లేదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ అరగంట ఆగేది కాదు. రెండుసార్లు కరెంటు పోయి కాలీ పాడైపోయింది, మొదటి నుంచి వేసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి పని ముందూ స్నాప్‌షాట్ తీస్తాను. ఏదైనా అయితే ఒక్క క్లిక్కుతో అక్కడికే తిరిగి వస్తాను. పగలగొట్టడానికి భయం పోయింది కూడా స్నాప్‌షాట్ వల్లే.

మెటాస్ప్లాయిటబుల్ మీద ఎన్‌మ్యాప్ నడిపితే మామూలుగా చూసే 1000 పోర్టుల్లో 23 తెరిచి ఉన్నాయని వచ్చింది. అందులో 21వ పోర్టు మీద విఎస్‌ఎఫ్‌టిపిడి 2.3.4 అనే ఫైళ్ళ సర్వరు ఉంది. తెలిసిన లొసుగుల మీద దాడులు సిద్ధంగా ఉంచే మెటాస్ప్లాయిట్ అనే పనిముట్టులో దాని పేరు కొట్టి రన్ అన్నాను. ఒక్క నిమిషంలో ఆ యంత్రం నా చేతికి వచ్చింది. సంతోషం వెయ్యలేదు. పాత వీడియోల రోజులే గుర్తొచ్చాయి, ఎందుకు జరిగిందో తెలియకుండా జరిగిపోయింది. అందుకని ఆ పనిముట్టు పక్కన పెట్టి నాలుగు రోజులు ఆ ఒక్క లొసుగు గురించే చదివాను.

జరిగింది ఏమిటంటే, 2011లో ఎవరో ఆ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకునే చోటకే చొరబడి, అసలు ఫైలు తీసేసి దొంగ ఫైలు పెట్టారు. అందులో కొన్ని వరుసలే మార్చారు. లాగిన్ పేరు చివర నవ్వు మొహం గుర్తు, అంటే రెండు చుక్కలూ ఒక బ్రాకెట్టూ, పెడితే చాలు, పాస్‌వర్డ్ ఏదైనా సరే, 6200 నంబరు పోర్టులో దొడ్డిదారి తెరుచుకుంటుంది. ఆ ఏడాది జులై 3న దాన్ని రాసిన క్రిస్ ఎవాన్స్ స్వయంగా విషయం బయటపెట్టారు. ఫైలుతో పాటు ఇచ్చే డిజిటల్ సంతకం సరిచూసుకున్నవాళ్ళకి తేడా తెలిసిపోయేది. చాలామంది చూడరు. ఐదో రోజున టెల్‌నెట్ అనే పనిముట్టుతో 21వ పోర్టుకి వెళ్ళి, నా చేత్తోనే ఆ గుర్తు టైపు చేసి, ఇంకో కిటికీలోంచి 6200కి వెళ్ళాను. తెరుచుకుంది. ఆ రాత్రి షాపు షట్టరు వేస్తూ మాస్టారి ఫోనులోకి వాట్సాప్‌లో వచ్చిన ఫైలు గురించే ఆలోచించాను. ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా వేసుకోవడం పెద్ద పెద్ద సర్వర్లు నడిపేవాళ్ళు కూడా చేసిన పనే. ఆయన తనని తాను తిట్టుకోవలసిన అవసరం లేదు.

ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే వెబ్‌సైటు వెనకున్న డేటాబేస్ మీద చేసే దాడి, మాత్రం నాకు త్వరగా వచ్చింది, నా పనే ఫారాలు నింపడం కాబట్టి. ఫారంలో పేరు గడి ఉంటుంది. అందులో ఒకడు "అప్పారావు, ఇంకా బీరువాలో ఉన్న అందరి పేర్లూ చదివి వినిపించండి" అని రాశాడనుకోండి. గుమస్తా దాన్ని పేరుగా కాకుండా ఆజ్ఞగా తీసుకుని చదివేస్తే ఏమవుతుందో అదే ఆ దాడి. గడిలో ఏం రాసినా అది ఉత్త పేరే, ఆజ్ఞ కాదు అని ముందే గట్టిగా కట్టేస్తే పోతుంది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ చేసేది ఆ పనే. కావాలని లొసుగులతో తయారుచేసిన డీవీడబ్ల్యూఏ అనే వెబ్‌సైటులో వారం ఆడాను. తర్వాత పోర్ట్‌స్విగ్గర్ వాళ్ళ వెబ్ సెక్యూరిటీ అకాడమీకి వెళ్ళాను. అదీ ఉచితమే, పాఠం పక్కనే ల్యాబు ఉంటుంది. వెబ్ నేర్చుకోవడానికి నాకు దానికి మించింది కనిపించలేదు.

పాస్‌వర్డ్ల దగ్గర మా ఊరి సంగతి ఒకటి తెలిసింది. అందరూ మొదట వాడే జాబితా రాక్‌యూ. 2009లో ఆ పేరున్న కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్లు బయటపడ్డాయి, ఏ మరుగూ లేకుండా మామూలు అక్షరాల్లో దాచిపెట్టినవి. అందులోంచి తీసిన కోటీ 43 లక్షల మాటల జాబితా కాలీలోనే ఉంటుంది. నేను మా పాత రూటరుకి రకరకాల పాస్‌వర్డ్లు పెట్టి, దాని పలకరింపులని పట్టుకుని, ఆ జాబితాతో పోల్చి చూశాను. మన పేర్లు అందులో తక్కువ. అందుకని నేనే ఒక జాబితా రాశాను. నీలమణి, జగన్నాథ్, మజ్జిగౌరి, అప్పన్న, మహేంద్రగిరి, ఇంటిపేర్లు, వాటి వెనక 123, ఒక్క గుర్తు, పుట్టిన సంవత్సరం. నీలమణి దుర్గమ్మ గుడి పాతపట్నంలో ఉంది, నది దాటితే చాలు. మా రెండు వైపులా ఎంతమంది ఆ పేరు పెట్టుకుంటారో నాకు తెలుసు. నేను పెట్టిన వాటిలో రాక్‌యూ దాటిపోయినవి చాలావరకు ఈ చిన్న జాబితాకి దొరికిపోయాయి.

వైఫై పాస్‌వర్డు ఎనిమిది అక్షరాలకి తగ్గితే రూటరు ఒప్పుకోదు. కాబట్టి మనవాళ్ళు ఫోన్ నంబరు పెట్టేస్తారు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 దాకా ఉన్న ఏదో ఒక అంకెతోనే మొదలవుతాయి, అంటే ఎన్ని రకాలుగా రాసినా 400 కోట్లు దాటవు. వినడానికి పెద్ద లెక్కే, మంచి గ్రాఫిక్స్ కార్డున్న యంత్రానికి గంటల పని. మా షాపు వైఫై పాస్‌వర్డు నాన్న ఫోన్ నంబరు. అది మా బోర్డు మీద అరడుగు ఎత్తు అక్షరాల్లో రాసి ఉంది. ఆ రోజే మార్చాను. నాన్నకి కాగితం మీద లెక్క వేసి చూపించాకే ఒప్పుకున్నారు.

నేను ఇవి నేర్చుకుంటున్నానని తెలిశాక అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. పక్కింటి వైఫై కావాలని కుర్రాళ్ళు, కూతురి ఇన్‌స్టా తెరిచి చూపించమని ఒక తల్లి, అల్లుడి వాట్సాప్ చూడాలని ఒక పెద్దాయన. ఆ తల్లి ఏడుస్తూ అడిగింది. ఆమె బాధ నిజమైనదే. అయినా చెయ్యలేదు. కూర్చోబెట్టి టీ ఇప్పించి, పిల్లతో మాట్లాడమని చెప్పి పంపాను. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్లు చదవండి. యజమాని అనుమతి లేకుండా, మోసంతోనో దురుద్దేశంతోనో కంప్యూటర్లోకి వెళ్ళడం నేరం. మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం లేకపోయినా నేను చెయ్యను. మా షాపుకి వచ్చేవాళ్ళు ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు, మార్కుల జాబితాలు నా చేతిలో పెట్టి వెళ్తారు. ఆ నమ్మకం మీదే మా అన్నం.

సర్టిఫికెట్ల దగ్గర చాలా ఆలోచించాను. సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) పేరు అందరికీ తెలుసు. నాలుగు గంటల్లో 125 ప్రశ్నలు. కానీ వాళ్ళ శిక్షణ తీసుకోకుండా సొంతంగా రాయాలంటే ఈ రంగంలో రెండేళ్ళ ఉద్యోగం చూపించాలి, దరఖాస్తుకే 100 డాలర్లు కట్టాలి. నాకు ఆ ఉద్యోగం లేదు, శిక్షణకి అంత డబ్బూ లేదు. ఓఎస్‌సీపీ అనే ఇంకో పరీక్ష అంటే 23 గంటల 45 నిమిషాలు యంత్రాలతో పోరాడి, ఆ తర్వాత 24 గంటల్లో రిపోర్టు రాయాలి. దానికి నేను ఇంకా సిద్ధంగా లేను. అందుకని పునాది గట్టిగా ఉంటుందని కాంప్‌టియా అనే సంస్థ పెట్టే సెక్యూరిటీ ప్లస్ పరీక్ష ఎంచుకున్నాను. 90 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 90 ప్రశ్నలు, 900లో 750 వస్తే పాస్. ప్రొఫెసర్ మెస్సర్ వీడియోలు మొత్తం ఉచితంగా ఉన్నాయి. వాటిని రెండుసార్లు చూసి, ప్రతి పాఠానికీ తెలుగులో ఒక పేజీ రాసుకున్నాను.

ఇంట్లోంచి ఆన్‌లైన్‌లో రాయొచ్చు. మా కరెంటుని నమ్మి అంత డబ్బు పెట్టలేకపోయాను. గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే రైలెక్కి, గోపాలపట్నంలో పిన్ని ఇంట్లో పడుకుని, పొద్దున్నే సెంటరుకి వెళ్ళాను. గడియారం, పర్సు, చెవిదుద్దులు కూడా లాకర్లో పెట్టించారు. మొదటి మూడు ప్రశ్నలు చేసి చూపించే రకం. ఫైర్‌వాల్ నియమాలు వరుసలో పెట్టమని ఒకటి. టెన్షన్‌లో అక్కడే ఆగిపోతే సమయం చాలదని ముందే అనుకున్నాను, వాటిని గుర్తు పెట్టి వదిలేసి చివర్లో వెనక్కి వచ్చాను. 781 వచ్చింది. పిన్ని ఫోన్లో అమ్మకి చెబుతూ "మనమ్మాయి పోలీసు పరీక్ష పాసైంది" అంది. నేను సరిదిద్దలేదు.

కానీ నాకు పెద్ద రోజు అది కాదు. అంతకు ముందు చలికాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మాస్టారి ఫైలు తెరిచిన రోజు. నెట్ లేని యంత్రంలో, ఆ యాప్‌ని నడపకుండా, జాడెక్స్ అనే పనిముట్టుతో విప్పాను. అది యాప్‌ని మళ్ళీ చదవదగిన కోడుగా మారుస్తుంది. మొదట మ్యానిఫెస్ట్ చూశాను. యాప్ ఏమేం అనుమతులు అడుగుతుందో అందులో రాసి ఉంటుంది. బిల్లు కట్టే యాప్‌కి వచ్చే ఎస్సెమ్మెస్‌లు అందుకునే అనుమతి, చదివే అనుమతి, పంపే అనుమతి ఎందుకు? ఆ పేర్లు పట్టుకుని కోడులోకి వెళ్ళాను. ఫోనుకి ఎస్సెమ్మెస్ రాగానే ఒక భాగం లేస్తుంది, దాన్ని మొత్తం కాపీ చేస్తుంది, కోడులోనే రాసిపెట్టిన ఒక నంబరుకి పంపేస్తుంది. ఇరవై వరుసలు కూడా లేవు. మాస్టారు ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఆయన ఫోనే చెప్పింది.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. లెక్కల మాస్టారు కదా, ప్రతి మెట్టు దగ్గరా ఆపి "అది ఎందుకు?" అన్నారు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే నేను అబద్ధం చెప్పలేదన్నమాట" అన్నారు. ఏడాదిన్నరగా ఇంట్లోవాళ్ళు "నువ్వే ఎవరికో చెప్పి ఉంటావు" అంటూనే ఉన్నారట. నాకు ఆ సంగతి తెలియదు. తెలిసి ఉంటే రాత్రులు ఇంకా ఎక్కువ కూర్చునేదాన్ని. ఆ నంబరుతో సహా రెండు పేజీలు రాసి, ఆయన పాత ఫిర్యాదుకి జత చేయించాను.

ఆ రెండు పేజీలే నేను రాసిన మొదటి రిపోర్టు. రెండోది ఒక మందుల షాపుది. యజమాని నాన్నకి స్నేహితుడు, నేను మావయ్యా అంటాను. ఏం చూడొచ్చు, ఏం ముట్టుకోకూడదు, ఎప్పుడు అని కాగితం రాసి ఆయన సంతకం తీసుకున్నాకే చేశాను. కెమెరాల రికార్డరుకి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంది. బిల్లింగ్ కంప్యూటరు, కస్టమర్లకి ఇచ్చే వైఫై రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. నేను ఎంతో శ్రద్ధగా రాసిన మొదటి పేజీ ఆయన చదివి, "బాగుందమ్మా, ఇంతకీ ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడిగారు. అది ఆరో పేజీలో ఉంది. ఇంటికొచ్చి మొత్తం తిరగరాశాను. మొదటి వాక్యమే "ఈ రోజే కెమెరా పాస్‌వర్డు మార్చండి, ఇలా మార్చాలి" అని. అప్పటి నుంచి చెయ్యవలసింది మొదట, ఎందుకో తర్వాత, నేను ఎలా కనిపెట్టానన్నది చివర్లో రాస్తాను.

మాస్టారి కథ పేర్లు లేకుండా ఒక పేజీగా రాసి షాపు గోడకి అంటించాను. దాన్ని ఒడియాలో రాసిచ్చింది మా వీధిలో డిప్లొమా చదివే అబ్బాయి. ఇప్పుడు ఆదివారాలు వాడూ, పాతపట్నం నుంచి ఇంటర్ చదివే ఒక అమ్మాయీ వెనక గదికి వస్తున్నారు. ముగ్గురం పట్టడం కష్టం, తలుపు తీసి కూర్చుంటాం. ఆ అమ్మాయి తెలుగులో, అబ్బాయి ఒడియాలో నోట్సు రాసుకుంటారు, ఒకరిది ఒకరికి చదివి వినిపించాలని నియమం పెట్టాను.

పోయిన ఆదివారం ఇద్దరూ బ్యాండిట్‌లో అడ్డగీత ఫైలు దగ్గర ఆగిపోయారు. "నానీ, చెప్పెయ్యవా" అని ఆ అబ్బాయి (ఒడియాలో నానీ అంటే అక్కే), "అక్కా, ఒక్క చిన్న క్లూ" అని ఆ అమ్మాయి. నేను చెప్పలేదు. ఇంటికెళ్ళి, కంప్యూటరు ఎవరి కోసం ఎదురుచూస్తోందో మీ మాటల్లో రాసుకురండి అన్నాను. బుధవారం రాత్రి షాపు మూస్తుంటే ఆ అమ్మాయి తన నోట్సు ఫోటో తీసి పంపింది. పేజీ మధ్యలో ఒకే వాక్యం ఉంది: "దానికి ఫైలు కనబడటం లేదు, నేనేదో చెబుతానని కూర్చుంది." కింద ఇంకో పాస్‌వర్డు, మూడో మెట్టుది.